బంతీ, బండీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. మా పాత క్యాంపర్ వ్యాన్, అంటే లోపలే వండుకుని పడుకునే బండి, కొని పదకొండేళ్లు. సీజన్ ఉన్నన్నాళ్లూ కోర్టు వదలను. సీజన్ అయిపోగానే నేనూ మా ఆయనా బండెక్కేస్తాం. ఈ రెండింటి గురించీ వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని ఏరి ఈ నెల జవాబులు రాస్తున్నాను. కొన్ని జవాబులు బాగా పెరిగాయి. అవసరం అనిపించే పెంచాను.

*మేడమ్, మా బాబుకి తొమ్మిదేళ్లు. ఎంత గట్టిగా విసిరినా బంతి రింగు దాకా పోవడం లేదు. రెండు చేతులతో నడుము దగ్గర నుంచి విసురుతున్నాడు. చేతుల్లో బలం లేదు, వ్యాయామం చేయించమంటున్నారు. ఏం చేయించాలి? — ఓ తల్లి*

వ్యాయామం సంగతి తర్వాత చూద్దాం. ముందు బాబు ఏ బంతితో ఆడుతున్నాడో చూడండి. బంతి మీద ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. 7 అని ఉంటే అది పెద్ద మగవాళ్ల బంతి. చుట్టుకొలత 75 సెంటీమీటర్లకు పైనే, బరువు 600 గ్రాముల దాకా ఉంటుంది. 6 ఆడవాళ్ల బంతి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు 5 నంబరు కావాలి. దాని చుట్టుకొలత 70 దగ్గర ఆగిపోతుంది, బరువు అర కిలో మించదు. ఇంట్లో అన్నయ్య బంతి ఉంది కదా అని చాలామంది దాంతోనే ఆడిస్తారు. తొమ్మిదేళ్ల పిల్లాడికి అది నాన్న చెప్పులు వేసుకుని పరుగెత్తినట్టుంటుంది.

ఇక రింగు. దాని ఎత్తు 3.05 మీటర్లు, అంటే పది అడుగులు. ఆ కొలత ఎలా వచ్చిందో తెలిస్తే మీ దిగులు సగం తగ్గుతుంది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికి బయట ఆడలేకపోతున్న తన విద్యార్థుల కోసం ఈ ఆట కనిపెట్టాడు. పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చి వ్యాయామశాల బాల్కనీ అంచుకి కొట్టించాడు. ఆ అంచు పది అడుగుల ఎత్తున ఉంది, అంతే. మొదటి మ్యాచ్ జట్టుకు తొమ్మిదేసి మంది ఆడారు, అందరూ ఎదిగిన మగవాళ్లే. ఎవరూ ఒక చిన్నపిల్లాణ్ని నిలబెట్టి ఆ ఎత్తు కొలవలేదు. చిన్నపిల్లలు ఆడే మినీ బాస్కెట్‌బాల్‌కి అంతర్జాతీయ సమాఖ్య ఫిబా పెట్టిన ఎత్తు 2.60 మీటర్లే.

మీ దగ్గర రింగు దించే వీలు లేకపోతే బాబునే ముందుకు తీసుకురండి. రింగుకి ఒక్క అడుగు దూరంలో నిలబెట్టండి. బంతి ఒక చేతి మీద ఉండాలి, రెండో చేయి పక్కన ఊతగా మాత్రమే ఉండాలి. మోకాళ్లు వంచి లేస్తూ వదలాలి. బంతి పడిందా లేదా అని చూడకండి, వదిలాక చెయ్యి ఎలా ఉందో చూడండి. మణికట్టు ముందుకి వాలి, అటక మీది డబ్బాలోకి చెయ్యి పెట్టినట్టు ఉండాలి. పది వేస్తే ఆరు పడుతున్నప్పుడు అరడుగు వెనక్కి జరపండి, అంతకంటే వద్దు. నడుము దగ్గర నుంచి విసరడం బరువు మోయలేక వచ్చిన అలవాటు. బంతి తేలికైతే చాలామందిలో దానంతటదే పోతుంది. రెండేళ్లు అలాగే ఆడనిస్తే మాత్రం మాన్పించడానికి మరో రెండేళ్లు పడుతుంది.

*నేనెప్పుడూ పోటీల్లో ఆడలేదు. మా పాప జట్టుకు కోచ్ దొరకలేదని నన్ను ఉండమన్నారు. పదేళ్ల లోపు పిల్లలు పన్నెండుమంది. మొదటిరోజు ఏం చేయాలో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది. — ఓ తండ్రి*

ఒప్పుకున్నందుకు ముందు మీకు నా నమస్కారం. మొదటిరోజు సాక్సులతో మొదలుపెట్టండి.

నిజంగానే చెబుతున్నాను. అందరినీ నేల మీద కూర్చోబెట్టి షూ విప్పించండి. మీరూ కూర్చుని విప్పండి. సాక్సు మడమ దగ్గర సరిగ్గా కూర్చుందో లేదో బొటనవేలితో నొక్కి చూడాలి. తర్వాత చిటికెన వేలి పక్కన అరచేత్తో ఒకసారి రాయాలి. ముడత ఉంటే చేతికి తెలుస్తుంది, కంటికి తెలియదు. ముడత లాగేశాక షూలోకి కాలు దూర్చి మడమను వెనక్కి తట్టాలి. లేసు కింది రంధ్రాల నుంచి ఒక్కొక్కచోటా బిగిస్తూ పైకి రావాలి. పైన ఒక్కచోట గుంజి ముడేస్తే పాదం లోపల జారుతూనే ఉంటుంది. చివర రెండు ముళ్లు వేయాలి. అమెరికాలో యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయం జట్టుకి 1964 నుంచి 1975 లోపు పది జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టిన జాన్ వుడెన్, తన దగ్గరికి వచ్చిన కొత్త ఆటగాళ్లకు మొదట నేర్పింది ఇదే. ముడత ఉంటే బొబ్బ లేస్తుంది, బొబ్బ లేస్తే ఆట ఆగిపోతుంది అనేవాడు. మా పిల్లల్లో ఈ పని చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ తేడా మూడో వారానికల్లా కనబడుతుంది.

సాక్సుల తర్వాత ఆగడం నేర్పండి. అందరూ పరుగెత్తడానికే ఉత్సాహపడతారు కానీ పదేళ్ల పిల్లలకు కష్టమైనది ఆగడమే. విజిల్ వేయగానే రెండు పాదాలూ ఒకేసారి నేలకు తగలాలి, మోకాళ్లు వంగాలి, తల నిటారుగా ఉండాలి. ఇది చేయించేటప్పుడు నేను కళ్లు మూసుకుని వింటాను. పన్నెండుమందీ సరిగ్గా ఆగితే ఒక మెత్తటి చప్పుడు వస్తుంది. ఎవరైనా మోకాళ్లు బిగించి దిగితే ఆ ‘ధబ్’ మనిషిని చూడకుండానే తెలిసిపోతుంది. మోకాలి గాయాలు చాలావరకు అలాంటి చోటే మొదలవుతాయి కాబట్టి ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

బంతులు వీలైనన్ని సంపాదించండి. పన్నెండుమందిని ఒక వరసలో నిలబెట్టి ఒక్క బంతి ఇస్తే పదకొండుమంది చూస్తూ నిలబడతారు. ఇద్దరికొకటి ఉన్నా నయమే. మ్యాచ్ ఆడించాలంటే అయిదుగురూ అయిదుగురూ వద్దు, ముగ్గురూ ముగ్గురూ చాలు. అందరి చేతికీ బంతి వస్తుంది.

మాటలు తగ్గించండి. 1974–75 సీజన్‌లో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఆ వుడెన్ ప్రాక్టీసులకే వెళ్లి ఆయన ఏమేం అంటున్నాడో లెక్క రాసుకున్నారు. పొగడ్తలు కొద్దిగానే వచ్చాయి, కోప్పడటమూ కొద్దిగానే ఉంది. నాలుగింట మూడు వంతులు ‘ఇలా పట్టుకో’, ‘అటు తిరిగి ఇవ్వు’ లాంటి చిన్న చిన్న సూచనలేనట. మీరు ఆట ఆడలేదని దిగులు పడుతున్నారు గానీ, ఒక్కొక్క పిల్లాడికీ ఆ రోజు ఒక్క మాట, వాడికి పనికొచ్చే మాట చెప్పి పంపితే మీరు మంచి కోచే.

*మా అమ్మాయికి పదకొండేళ్లు. ప్రాక్టీసుకి ఒక్కరోజు కూడా మానదు. మ్యాచ్‌లో మాత్రం మొత్తం బెంచీ మీదే కూర్చోబెడుతున్నారు. కోచ్‌తో మాట్లాడితే ఏమనుకుంటారో అని సందేహం. — ఓ తండ్రి*

ఈ ప్రశ్నకి జవాబు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. మీ అమ్మాయి స్థానంలో ఒక పాపను కూర్చోబెట్టినదాన్ని నేనే కాబట్టి.

ఆరేళ్ల కిందటి మాట. ఆ పాపకీ పదకొండేళ్లే. ‘నాలుగో క్వార్టర్లో నిన్ను బరిలోకి దించుతాను’ అని మాటిచ్చాను. స్కోరు రెండు పాయింట్ల తేడాలో అటూ ఇటూ ఊగుతోంది. గెలవాలన్న ఆత్రంలో బెంచీ వైపు తిరిగి చూడలేదు. గెలిచాం. అందరూ ఎగురుతుంటే ఆ పాప బెంచీ చివర వంగి కుడికాలి షూ లేసు కట్టుకుంటోంది. ఆ క్వార్టర్లో నాలుగుసార్లు విప్పి కట్టుకుందని తర్వాత వాళ్లమ్మ చెప్పింది. అరవలేదు, మెల్లగానే చెప్పింది. నేను పిలవగానే పరుగెత్తాలి కదా, లేసు ఊడకూడదని చూసుకుంటోందట. మర్నాడు వాళ్లింటికి వెళ్లి ఆ పాపను క్షమించమని అడిగాను. ఫర్వాలేదు మేడమ్ అంది. ఆ సీజన్ పూర్తిచేసింది. తర్వాతి ఏడు రాలేదు.

అప్పటి నుంచి ఎవరు ఎప్పుడు ఆడతారో మ్యాచ్‌కి ముందురోజు రాత్రే కాగితం మీద రాసేస్తాను. నాలుగు క్వార్టర్లు. ఒక్కోటీ రెండు ముక్కలు చేస్తే ఎనిమిది. ముక్కకి అయిదుగురు, అంటే నలభై చోట్లు. పదిమంది ఉంటే ఒక్కొక్కరికి నాలుగు. పన్నెండుమంది ఉంటే ఒక్కొక్కరికి మూడు పోగా మిగిలే నాలుగు చోట్లూ మ్యాచ్ మ్యాచ్‌కీ వేరేవాళ్లకి ఇస్తాను. ఆ కాగితాన్ని బెంచీ పక్కన అందరికీ కనబడేలా అంటిస్తాను. స్కోరు ఎలా ఉన్నా దాన్ని మార్చను. పదహారేళ్లు దాటిన పోటీ జట్టుకి లెక్క వేరు కావచ్చు. పదకొండేళ్లకు ఇంతకు మించిన లెక్క లేదని నా గట్టి నమ్మకం.

కాబట్టి మాట్లాడండి. మ్యాచ్ అయిపోయిన వెంటనే, నలుగురి ముందూ వద్దు. ఒకరోజు ఆగి విడిగా కలవండి. ‘మా అమ్మాయిని ఎందుకు ఆడించడం లేదు’ అనకండి. ‘తను ఇంకా ఏం నేర్చుకుంటే ఆడిస్తారు, వచ్చే మ్యాచ్‌లో ఎంతసేపు ఆడించగలరు’ అని అడగండి. రెండో ప్రశ్నకి స్పష్టమైన జవాబు రాబట్టకుండా రావద్దు. జవాబు దాటవేస్తూనే ఉంటే జట్టు మార్చడం తప్పు కాదు. ఇంటికి వచ్చే దారిలో మాత్రం మ్యాచ్ గురించి మీరై ఎత్తకండి. తను చెప్తే వినండి.

*మా అబ్బాయికి పదమూడేళ్లు. మోకాలిచిప్ప కింద ఎముక ఉబ్బి, ఎగిరినప్పుడల్లా నొప్పి అంటున్నాడు. ఎదిగే వయసు కదా, అదే పోతుంది అంటున్నారు. — ఓ తల్లి*

డాక్టరుకి చూపించండి. మీరు చెప్పిన చోట, ఆ వయసులో, ఎగిరే ఆటల్లో ఎక్కువగా కనబడేది ఆస్‌గుడ్-ష్లాటర్ అనే సమస్య. తొడ కండరం మోకాలిచిప్ప కింది ఎముకకి అతుక్కునే చోట, ఎముక ఇంకా గట్టిపడకముందే పదే పదే లాగుడు పడటం వల్ల వస్తుంది. ఎక్కువమందికి ఎదుగుదల ఆగేసరికి తగ్గిపోతుంది. అలాగని నొప్పి మీద ఆడించమని కాదు. అదో కాదో డాక్టరే తేల్చాలి. అంతదాకా ఎగరడం తగ్గించి, కూర్చుని డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ ఉండటం), నిలబడి పాస్‌లు చేయించమని కోచ్‌కి మీరే చెప్పండి. రాత్రుళ్లు నొప్పితో లేస్తున్నా, కుంటుతున్నా, జ్వరం ఉన్నా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

*రిటైరయ్యాక కాలికి బలపం కట్టుకుని తిరగాలని మా ఇద్దరి కోరిక. ముప్ఫయ్యేళ్ల నాటి క్యాంపర్ వ్యాన్ ఒకటి అమ్మకానికి ఉంది. ఇంజన్ బాగుందని మెకానిక్ చెప్పాడు. కొనొచ్చా? — ఓ పాఠకుడు*

ఇంజన్ బాగుండటం సంతోషమే గానీ, పాత బండిని రేకు చూసి కొనాలి. ఇంజన్ దించి బాగుచేయించుకోవచ్చు. తుప్పు తిన్న అడుగుభాగాన్ని బాగుచేయించేసరికి బండి ఖరీదు దాటిపోతుంది.

ఒక చిన్న అయస్కాంతం పలచటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. చక్రాల పైవంపులు, తలుపుల కింది అంచులు, కిటికీ రబ్బరు కింది భాగం, బ్యాటరీ కూర్చునే తట్ట, ఈ చోట్లన్నీ తడుముతూ వెళ్లండి. ఇనుప రేకు మీద అయస్కాంతం పట్టుకుంటుంది. జారిపోతే ఆ రంగు కింద పుట్టీ ఉన్నట్టు. నేల మీది చాప పూర్తిగా ఎత్తించండి. అమ్మేవాళ్లు వద్దంటే మర్యాదగా సెలవు తీసుకోండి.

లోపలికి వెళ్లి తలుపులు మూసి ఒక నిమిషం ఊరికే కూర్చోండి. ముక్కిన వాసన వస్తే పైకప్పు ఎక్కడో కారుతోంది. అలమరల మూలలు బొటనవేలితో నొక్కండి. మెత్తగా లోపలికి పోతే చెక్క లోపలే కుళ్లింది.

టైర్ల గాడులు చూసి మోసపోవద్దు. ఇలాంటి బండ్లు తిరిగే రోజులకంటే నిలబడి ఉండే రోజులే ఎక్కువ కాబట్టి గాడులు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ఎండిపోతుంది. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3218 అంటే 2018లో 32వ వారం తయారైందని. స్టెప్నీది కూడా చూడండి, అది అందరూ మరిచిపోతారు.

ఇక నా మనసులో అన్నిటికంటే పైనుండేది పెట్రోలు పైపు. కొన్న రెండో ఏడు, పొద్దుటి నుంచి నడిపి ఒక చెట్టు కింద ఆపాం. సన్నగా పెట్రోలు వాసన. మూత సరిగ్గా పెట్టలేదేమో అన్నారు మా ఆయన. మూత గట్టిగానే ఉంది. టార్చి తీసుకుని వెనక ఇంజన్ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. వేలెడు పొడవున్న రబ్బరు పైపు ఒకటి పైకి బాగానే కనిపిస్తోంది. కొద్దిగా వంచి చూశాను. చెరువు ఎండినప్పుడు అడుగు బీటలు వారినట్టు రబ్బరంతా పగుళ్లు. ఒక పగులులో చెమ్మ. చూస్తుండగానే అది బొట్టయింది. బయలుదేరడానికి వారం ముందే బండిని ఒక షెడ్డులో పూర్తిగా చూపించుకుని వచ్చాం. అక్కడెవరూ దాన్ని వంచి చూడలేదు.

1950లో తయారీ మొదలైన ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 లాంటి, వెనక ఇంజన్ ఉండి గాలితో చల్లబడే బండ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కారిన పెట్రోలు నేరుగా వేడి ఇంజన్ మీదే పడుతుంది. పైగా ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రకం రబ్బరుని త్వరగా తినేస్తుంది. కొన్న వెంటనే పెట్రోలు పైపులన్నీ, క్లిప్పులతో సహా, ఇథనాల్‌కి తట్టుకునే రకం కొత్తవి వేయించండి. ఎంత బాగున్నట్టు కనిపించినా సరే. మంటలార్పే సిలిండరు తలుపు పక్కన, బయట నిలబడి అందుకునేలా బిగించండి. స్టవ్ వెనకో ఇంజన్ పక్కనో పెడితే మంట దాటి వెళ్లి తెచ్చుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని మాత్రం వద్దు.

*నేనూ జట్టు కోచ్‌నే, నాకూ క్యాంపర్ వ్యాన్ ఉంది. టోర్నమెంటుకి పదిమంది పిల్లల్నీ అందులోనే తీసుకెళ్తే అందరం కలిసి వెళ్లినట్టుంటుంది, సరదాగానూ ఉంటుంది. మీరేమంటారు? — ఓ కోచ్*

వద్దంటాను. మీ ప్రేమ అర్థమైంది, అయినా వద్దంటాను.

బండిలో ఎంతమంది పడుకోవచ్చు అన్నది ఒక లెక్క, ఎంతమంది ప్రయాణం చేయొచ్చు అన్నది వేరే లెక్క. ముందుకు తిరిగి ఉండి, బెల్టు బండి చట్రానికి బిగించి ఉన్న సీట్లు ఎన్ని ఉన్నాయో అంతమందే. చాలా పాత వ్యాన్లలో పక్కకి తిరిగిన బల్లకి బెల్టు ఉన్నా అది ఢీకొన్నప్పుడు కాపాడేది కాదు. బండి కదులుతున్నప్పుడు మంచం మీద ఎవరూ ఉండకూడదు, అయిదు నిమిషాల దూరమైనా సరే. బరువు కూడా చూసుకోండి. బండికి బిగించిన రేకు మీద మొత్తం బరువు ఎంత మించకూడదో రాసి ఉంటుంది. అరవై లీటర్ల నీళ్లంటేనే అరవై కిలోలు. పదిమంది పిల్లలు, సంచులు, సామాన్లు కలిస్తే పాత బ్రేకులు ఆపలేవు.

ఇంకో సంగతి. అందరూ మొహమాటపడతారు, నేను పడను. కోచ్ ఎంత మంచివారైనా ఒక పిల్లాడితో లేదా పిల్లతో మూసిన బండిలో ఒంటరిగా ఉండకూడదు. ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తల్లిదండ్రుల అనుమతి రాతలో ఉండాలి. ఇది పిల్లలకీ రక్ష, మీకూ రక్ష.

పిల్లల్ని బస్సులో పంపి మీ బండిని గ్రౌండు బయట పెట్టండి. దాని అసలు ఉపయోగం అక్కడే. నేను అన్ని తలుపులూ తీసి, గొడుగు గుడ్డ దించి, నీడలో నీళ్లు, ఐసు, కట్లు కట్టే గుడ్డలు, ఆరిన బనియన్లు, లేసులు రెండు జతలు పెడతాను. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య పిల్లలు ఆ నీడలో కాళ్లు చాపుకుంటారు. మా జట్టు ఫొటోలన్నింటిలోనూ వెనక ఆ బండే ఉంటుంది.

*కొండ దారిలో దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తగా కిందికి పోయింది. ఆపి అరగంట తర్వాత చూస్తే మామూలుగానే ఉంది. ఏమై ఉంటుంది? — ఓ పాఠకురాలు*

బ్రేకు ఆయిల్ మరిగి ఉంటుంది. అది గాల్లో తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా అయినా మరగకూడదని ప్రమాణం. నీరు చేరాక అదే ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. పొడుగు దిగుడులో బ్రేకు మీద కాలు ఆనించే ఉంచితే ఆ వేడి రావడం కష్టం కాదు. లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ తొక్కితే బుడగలు నలుగుతాయి తప్ప బ్రేకు పట్టదు. చల్లారితే మామూలైపోతుంది కాబట్టి బాగుంది కదా అనుకుంటాం. బాగాలేదు. బండిని మళ్లీ కొండెక్కించకముందే ఆయిల్ పూర్తిగా మార్పించి, లైనింగులు చూపించండి. ఆ తర్వాత రెండేళ్లకోసారి మార్పించండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. దిగుడు మొదలవకముందే ఆ గేరు వేసుకోండి. ఆగిన ప్రతిచోటా నాలుగు చక్రాల దగ్గరా అరచేయి వెనక వైపుని ఆనించకుండా దగ్గరగా పెట్టి చూస్తాను. మూడింటికంటే ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసినట్టో, బేరింగ్ పోతున్నట్టో.

*ఆంటీ, నాకు పన్నెండేళ్లు. ప్రాక్టీసులో ఫ్రీ త్రోలు (ఫౌల్ అయ్యాక గీత దగ్గర నిలబడి వేసేవి) బాగా వేస్తాను. మ్యాచ్‌లో అందరూ చూస్తుంటే భయమేసి రెండూ మిస్ అవుతున్నాను. — ఓ చిన్నారి*

నాన్నా, నీ ఉత్తరంలో అక్షరాలు ఎంత బాగున్నాయో. ప్రాక్టీసులో నువ్వు వరసగా ఇరవై వేస్తూ ఉంటావు, అవునా? మ్యాచ్‌లో అలా ఎవరూ ఇవ్వరు. పరుగెత్తి, అలిసి, గుండె దడదడలాడుతుంటే రెండే ఇస్తారు. ప్రాక్టీసులో కూడా అలాగే వెయ్యి. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు పరుగెత్తు, రెండు వెయ్యి, మళ్లీ పరుగెత్తు.

గీత దగ్గర ప్రతిసారీ ఒకేలా చెయ్యడానికి ఒక చిన్న వరస పెట్టుకో. రెండుసార్లు బంతి కొట్టు, ఒక గాఢమైన ఊపిరి వదులు, రింగు ముందు అంచు చూడు, వెయ్యి. రిఫరీ నీకు అయిదు సెకన్లు ఇస్తారు, అది చాలా ఎక్కువ సమయం. ఇంట్లో లెక్కపెట్టి చూడు. రిక్ బారీ అనే గొప్ప ఆటగాడు రెండు చేతులతో కింది నుంచి, ఊయల ఊపినట్టు వేసేవాడు. చూసేవాళ్లకి వింతగా ఉండేది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో నూటికి దాదాపు తొంభై పడేవి. నువ్వు అలా వెయ్యాలని కాదు. చూసేవాళ్లు ఏమనుకుంటున్నారో ఆయన పట్టించుకోలేదని చెప్తున్నాను. మళ్లీ ఉత్తరం రాయి, పడ్డా పడకపోయినా.

*చలి రాత్రుళ్లు వ్యాన్‌లో గ్యాస్ స్టవ్ కాసేపు వెలిగించి వెచ్చచేసుకుంటే ఫర్వాలేదా? — ఓ పాఠకుడు*

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మూసిన బండిలో మంట మండితే కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రపట్టినట్టే ఉంటుంది, మళ్లీ మెలకువ రాదు. ఆ వాయువుని పసిగట్టి మోగే అలారం బ్యాటరీతో నడిచేది దొరుకుతుంది, పడుకునే చోట ఒకటి బిగించండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు కాబట్టి లీకైతే నేల మీద చేరుతుంది. గ్యాస్ పెట్టె అడుగున ఉండే రంధ్రం అందుకే. చలిగాలి వస్తోందని దాన్ని గుడ్డతో మూసేవాళ్లను చూశాను. దయచేసి మూయకండి. ఇంకో దుప్పటి కప్పుకోండి.

*బండిలో ఎప్పుడూ ఉండాల్సిన సామాను ఏమిటి? మీరేం పెట్టుకుంటారు? — ఓ జంట*

ఫ్యాన్ బెల్టు, క్లచ్ కేబులు, ఫ్యూజులు, ఒక మీటరు పెట్రోలు పైపు, క్లిప్పులు, టైరు గాలి చూసే గేజి, టార్చి, చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మెలు. పానాలు మీ బండి నట్టులకు సరిపోయేవే ఉండాలి, బయలుదేరకముందు ఇంటి దగ్గరే ఒకసారి స్టెప్నీ మార్చి చూడండి. జాకీ ఎక్కడ పెట్టాలో వానలో రోడ్డు పక్కన నేర్చుకోవడం కష్టం.

బంతులు కూడా పెట్టుకుంటాను, గాలి పంపుతో సహా. రాత్రి చలికి బంతి మెత్తబడుతుంది, మధ్యాహ్నం ఎండకి బిగుస్తుంది. అందుకని ఎండలో గట్టిగా ఉందని గాలి తీసేయకండి, నీడలో చల్లారనిచ్చి చూడండి. సూదిని తడిపి నెమ్మదిగా గుచ్చండి, పొడిగా గుచ్చితే వాల్వు రబ్బరు చిరిగి ఆ బంతి ఇక గాలి నిలపదు. సాయంత్రం ఏ ఊళ్లో ఆగినా మా ఆయన బండి దగ్గర కుర్చీలు వేస్తుంటే నేను కోర్టు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్తాను. పది నిమిషాలు ఒక్కదాన్నే షాట్లు వేస్తూ ఉంటే ఎవరో ఒకరు వచ్చి గోడ దగ్గర నిలబడతారు. 5 నంబరుది ఒకటి, 6 నంబరుది ఒకటి, రెండూ చంకన పెట్టుకుని వెళ్తాను. అక్కడికి వచ్చే పిల్లల్లో ఎవరి చేతికి ఏది సరిపోతుందో ముందు తెలియదు కదా.